బోణీకి ముందు గంట కొట్టకూడదు

షుగర్ ఉన్నవాళ్ళు రోజూ నడవాలని డాక్టర్లు చెబుతారు. ఎటువంటి దారిలో నడవాలో, ఎట్లా నడవాలో, వెనక వచ్చేవాడికి తోవ ఎట్లా ఇవ్వాలో చెప్పరు. నడక మొదలుపెట్టిన మూడో ఏట నా ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. డాక్టర్ల మీద నెపం పెట్టడానికి నేనిది రాయడం లేదు. నెపం పెట్టాల్సినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు కట్టుడు కాలుతో నా పనులు నేను చేసుకుంటున్నాను. చెయ్యి వణక్కుండా రాయగలుగుతున్నాను కాబట్టి, పొద్దున్నే చెప్పులేసుకుని నలుగురితో కలిసి బయలుదేరేవాళ్ళు ఒకసారి చదువుతారని రాస్తున్నాను.

2007 శ్రావణం, చింతామణి

మాది కన్నడ సీమలోని చింతామణిలో పాత్రల అంగడి. మా ఆయన అక్క సుబ్బమ్మ వదినను కూడా ఈ ఊళ్ళోనే ఇచ్చారు. వాళ్ళది బట్టల అంగడి, మా అంగడి పక్కనే. రెండిళ్ళలోనూ ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు మొదలుపెట్టకూడదో చెప్పేది వదినే. ఆమె మాట కాదన్నవాళ్ళను నేను నా కాపురంలో చూడలేదు.

ఊరి బయట కొండకింద ఒక మట్టి దారి ఉంది. ఒకప్పుడు బండ్ల దారి. పురసభవాళ్ళు, అంటే మునిసిపాలిటీవాళ్ళు, దాని మీద ఎర్రమట్టి పోసి, సిమెంటు బెంచీలు వేసి, వాకింగ్ దారి అని పేరు పెట్టారు. పేరు పెట్టినంత మాత్రాన అంతకుముందు ఆ దారిన పోయేవాళ్ళు పోవడం మానతారా? పాలవాళ్ళు సైకిళ్ళ మీద డెయిరీకి పోయేది అందులోనే. గొర్రెల మందలు కొండెక్కేది అందులోనే. మోటారుసైకిలు నేర్చుకునేవాడు తిప్పుకునేదీ అక్కడే. ఆదివారం వస్తే బెంగళూరు నుంచి గేర్ల సైకిళ్ళ మీద అబ్బాయిలు దిగేవాళ్ళు. ఇందరికీ కలిపి దారి వెడల్పు ఒక ఎద్దులబండి పట్టేంత.

ఆ వెడల్పునంతా మేమే తీసుకునేవాళ్ళం. నలుగురు ఆడవాళ్ళం ఒకే వరసలో, భుజం భుజం రాసుకుంటూ, కోడళ్ళ గురించి మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళం. మా మగవాళ్ళు ముందు పోయేవాళ్ళు, నడుముకు అంగడి తాళాలు దోపుకుని. నడక అయిపోగానే వాళ్ళు ఇంటికి రాకుండా నేరుగా పోయి అంగడి తెరిచేవాళ్ళు. అక్కడే వచ్చింది చిక్కు.

మా అంగళ్ళవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. పొద్దున అంగడికని బయలుదేరిన మనిషిని బోణీ అయ్యేదాకా వెనక నుంచి పిలవకూడదు. మొదటి బేరం కుదిరి, ఆ డబ్బు కళ్ళకద్దుకుని పెట్టెలో వేసేదాకా ఎవరూ వెనకనుంచి కేక వెయ్యరు, అతనూ వెనక్కి తిరిగి చూడడు. ఇది మా అత్తగారి కాలం నుంచీ ఉన్నదే. పిలుపంటే నోటితో పిలిచేదే అని అందరం అనుకునేవాళ్ళం. సైకిలు గంట కూడా పిలుపేనని కనిపెట్టింది మా వదిన.

మునియప్ప మా రెండిళ్ళకూ పాలు వేసేవాడు. మిగిలిన పాలు డెయిరీకి. వెనక క్యారియరుకు రెండు పక్కలా ఇనుప కొక్కేలకు క్యాన్లు తగిలించుకుని ఆ దిగుడులో వస్తూ గంట కొట్టేవాడు. ఒకరోజు వదిన అతన్ని నిలబెట్టేసింది.

"ఏమప్పా మునియప్పా, పొద్దున్నే ఎనకాల నుంచి గంట కొడతాండావే, మా అంగళ్ళు జరిగేది నీకు ఇష్టం లేదా?"

"దారి కావల్ల గదమ్మా. క్యాన్లు బరువు. ఈడ దిగుడు, బ్రేకు సరిగా పట్టదు."

"కొండ పక్కన సందుండాది గదా, దాంట్లో సద్దు లేకుండా పో. మేము ఈ పక్కన ఉంటాము. గంట మాత్రం కొట్టొద్దు. ఇంగొకసారి కొట్టినావంటే మా ఇండ్లకు పాలు వెయ్యొద్దు."

మర్నాడు చూస్తే మునియప్ప సైకిలు గంటకు పాత గుడ్డ చుట్టి ఉంది. బెంగళూరు అబ్బాయిలకు కూడా వదిన ఇదే చెప్పింది, కన్నడంలో. వాళ్ళు "సారీ ఆంటీ" అని మళ్ళీ ట్రింగుమనిపించుకుంటూ పోయారు. వాళ్ళు మాకు పాలు పోసేవాళ్ళు కాదు కాబట్టి వాళ్ళను ఏమీ చేయలేకపోయాం.

దెబ్బ తగిలింది శ్రావణంలో. రాత్రి జల్లు పడి మట్టి మెత్తగా ఉంది. కొండ పక్క గట్టు మీద గరిక పచ్చగా మొలిచింది. పూజకు కావాలి కదా అని నేను వరసలోంచి ఒక్క అడుగు పక్కకు వేసి వంగాను. వెనక్కి చూడలేదు. మాలో ఎవరూ చూడరు. సరిగ్గా ఆ సందులోనే, వదిన పొమ్మన్న చోటే, సద్దు లేకుండా మునియప్ప వస్తున్నాడు. క్యాను తగిలించిన కొక్కెం నా ఎడమ పాదం మీద, వేళ్ళ పక్కగా చీల్చుకుంటూ పోయింది. నేను పడ్డాను, సైకిలు నా మీద పడింది, పాలు నా మీదా మట్టి మీదా పారాయి.

నాకు నొప్పి తెలియలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. షుగర్ ముదిరినవాళ్ళకు పాదాలు మొద్దుబారి ఉంటాయి. చీరకు అంటిన రక్తం చూసి తగిలిందని తెలుసుకున్నాను. నొప్పి లేకపోతే చిన్న దెబ్బేనని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

మా ఆయన ముందు నుంచి పరిగెత్తుకుని వచ్చి మునియప్ప చెంప మీద కొట్టాడు. లేవబోతుంటే మళ్ళీ కొట్టాడు.

"గంట కొట్టేదానికి నీకేమి రోగం?"

మునియప్ప వదిన వైపు చూశాడు. వదిన కొండ వైపు చూసింది.

"ఆయప్పను కొట్టొద్దండి," అన్నాను కింద కూర్చునే. "గంట కొట్టొద్దని చెప్పింది మీ అక్క. పొమ్మన్న సందులోనే వచ్చినాడు."

అక్కడ పదిమంది పోగై ఉన్నారు. మా ఆయన నన్ను నోరు మూసుకోమన్నాడు. వదిన ముఖం కందిపోయింది. "గరిక పీక్కోమని కూడా నేనే చెప్తినా?" అని మాత్రం అంది. ఆ పదిమందిలో ఆ మాట అన్నందుకు ఆమె నన్ను ఆ తర్వాత క్షమించలేదు.

నన్ను ఆటోలో ఇంట్లో దింపి మా ఆయన అంగడికి పోయాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఇంట్లో పసుపు అద్దాం. కాఫీపొడి అద్దాం. తెలిసిన కాంపౌండరు వచ్చి కట్టు కట్టి పోయాడు. పుండు పైన ఎండినట్టు కనిపించేది, లోపల పచ్చిగా ఉండేది. తర్వాత వాసన మొదలైంది. మొదట్లో ఎలుక ఎక్కడో చచ్చిందనుకుని బియ్యం డబ్బాల వెనక వెతికాను. నా కాలి నుంచే వస్తోందని తెలిశాక వెతకడం మానేశాను. మా ఆయన సాంబ్రాణి వేయడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు అంగడిలో కాపలా ఉండాలని చెప్పి పడక అక్కడికి మార్చాడు. అన్నేళ్ళలో ఎప్పుడూ కాపలా అవసరం రాని అంగడి అది. వదిన వాకిట్లోకి వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎట్లుండావు పద్మా?" అని అడిగి అక్కడినుంచే పోయేది.

భాద్రపదం, చిక్కబళ్ళాపురం

మా కూతురు రాధ బాగేపల్లి నుంచి చూడడానికి వచ్చి, కట్టు విప్పి, బయటికి పోయి వాంతి చేసుకుని, మళ్ళీ వచ్చి కారు మాట్లాడింది. వాళ్ళ నాన్నను అడగలేదు. ఆ సాయంత్రానికి నేను చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో బెంచీ మీద ఉన్నాను.

చిక్కబళ్ళాపురం అప్పుడే కొత్తగా జిల్లా అయింది. బెంచీ మీద వాళ్ళంతా అదే మాట. ఇక పెద్దాసుపత్రి వస్తుంది, పెద్ద డాక్టర్లు వస్తారు, బెంగళూరు పోనక్కర లేదు. నేను చూస్తుండగానే నా చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి అవతలి బెంచీకి మారారు. ఒక తల్లి బిడ్డను లాక్కుని పోతూ నా వైపు నవ్వింది. ఆ నవ్వు కన్నా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మండికల్ నుంచి వచ్చిన నారాయణమ్మ అనే ఆమె మాత్రం కదలలేదు. భర్తకు కడుపు ఆపరేషనై ఆమె అక్కడే కాపురముంటోంది. తన దుప్పటి మడిచి నా కాలి కింద పెట్టింది.

"వాసనొస్తాది, దూరంగా కూర్చోమ్మా," అన్నాను.

"ఇంట్లో నాలుగు ఆవులుండాయి. పుండ్లు, పురుగులు అన్నీ చూసినాను. కాళ్ళు ఎత్తు మీద పెట్టుకో. పోతే పోతాది కాలు, మనిషి ఉండల్ల."

పోతుందని నాతో మొదట అన్నది ఆమే. డాక్టరు ఇంకా నన్ను చూడనే లేదు. నాకు కోపం రాలేదు. అందరూ దాచిపెడుతున్న మాటను ఒకరు మామూలుగా అనేసరికి ఊపిరి ఆడినట్టయింది.

డాక్టరు కుర్రవాడు. కన్నడంలో చెప్పాడు. పాదం సగం చచ్చిపోయింది, సగం వరకు వెంటనే తీసేస్తే మడమ నిలుస్తుంది, మడమ నిలిస్తే చెప్పులోనే దిమ్మ పెట్టుకుని నడవవచ్చు. ఆలస్యమైతే పైకి పాకుతుంది. మర్నాడే చేస్తానన్నాడు. నేను సరే అన్నాను. నా మడమ నాకు దక్కుతుందని ఆ పూట ధైర్యంగానే ఉన్నాను.

మా ఆయన బయటికి పోయి అక్కకు ఫోన్ చేసి వచ్చాడు.

"రేపొద్దు. పెద్దల అమావాస్య వస్తాండాది. ఈ దినాల్లో ఏమీ తలపెట్టేది లేదు. అమావాస్య దాటనీ, పాడ్యమి వదిలేసి విదియ నాడు పెట్టుకోమని అక్క చెప్తాండాది."

"డాక్టరు వెంటనే అన్నాడు నాన్నా," అంది రాధ.

"డాక్టరు ఉద్యోగం అది. ఇన్ని దినాలు ఉన్నింది, ఇంగ నాలుగు దినాలకేమైతాది?"

"మడమ పోతాది," అన్నాను నేను. "విన్న్యారు గదా మీరూ. నా మడమ పోతాది."

"అక్క నీ మంచికే చెప్తాండాది," అన్నాడు.

సంతకం ఆయన చేయాలి. చేయలేదు. డాక్టరు అరిచాడు, చేతిలో కాగితాలు బల్ల మీద కొట్టాడు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు గానీ సంతకం పెట్టలేదు. రాధ ఏడ్చింది. తండ్రికి ఎదురుతిరిగి తనే సంతకం పెడతానంది. పెళ్ళయి వేరే ఇంటికి పోయినదానివి, నీకేం హక్కుందని తండ్రి అడిగాడు. నా కాలి మీద నాకు హక్కుందా అని ఎవరినైనా అడగాలని అప్పుడు నాకు తోచలేదు. జ్వరంతో కళ్ళు మూతలు పడుతున్నాయి. పెద్దల అమావాస్య నాడు మా ఆయన చింతామణి పోయి, చచ్చిపోయిన మా మామగారికి వడలు, పాయసం పెట్టి, సాయంత్రానికి తిరిగి వచ్చాడు. నాకూ రెండు వడలు తెచ్చాడు.

విదియ నాటికి నలుపు మడమ దాటి పిక్క మీదికి వచ్చింది. కుర్ర డాక్టరు నన్ను పరీక్షించి, ఈసారి అరవకుండా, మోకాలి కింద చెయ్యి పెట్టి చూపించాడు. ఇక్కడికి, అన్నాడు.

ఆపరేషన్ గురించి రాయడానికి ఏమీ లేదు. నడుము కింద ఏమీ తెలియలేదు. రంపం చప్పుడు మాత్రం వినిపించింది. మా అంగడి వెనక వడ్రంగి కొట్టులో రోజూ వినే చప్పుడే.

తర్వాత రెండు రోజులకు మునియప్ప బస్సులో వచ్చాడు, చేతిలో పాల సీసా. మా ఆయన వాకిట్లోనే ఆపేసి నువ్వు చేసింది చాలు పొమ్మన్నాడు. నేనే లోపలికి రానిమ్మన్నాను. తలుపు దగ్గరే నిలబడ్డాడు. దుప్పటి కింద ఒక పక్క చదునుగా ఉంది. అటు చూడకుండా ఉండడానికి అవస్థ పడ్డాడు.

"ఒకసారి గంట కొట్టింటే ఇంత జరిగేది గాదు తల్లీ," అన్నాడు.

"కొట్టింటే నీ వాడుక పాలు పోయేవి. నా కాలే దానికన్నా అగ్గువని చూసినావు," అన్నాను.

అతనికి కళ్ళు నిండాయి. పాలు అక్కడ పెట్టి పోయాడు. అతనేమీ తప్పు చేయలేదని నాకు తెలుసు. అయినా ఎవరినో ఒకరిని నొప్పించాలనిపించింది. వదిన నోటికి భయపడి, మొగుడి నోటికి భయపడి, తిరిగి అనలేనివాణ్ణి అన్నాను. అన్నాక కాసేపు హాయిగా కూడా ఉండింది. అదేం అంత చెప్పుకోదగ్గ హాయి కాదు. ఆ పాలు నారాయణమ్మ వేడిచేసి తన భర్తకూ నాకూ సగం సగం పోసింది.

కార్తీకం నుంచి, బాగేపల్లి

చింతామణిలో మా ఇంట్లో నన్ను చూసుకునేవాళ్ళు లేరని రాధ నన్ను బాగేపల్లిలో తన ఇంటికి తీసుకుపోయింది. వియ్యపురాలు మంచిదే. మంచితనానికి ఒక్కటే లోటు, ఎంత మంచి చేస్తున్నదో మనకు చెబుతూ ఉండేది. నా కంచం వేరుగా కడిగించేది. చూడవచ్చినవాళ్ళను నా గది దాకా తీసుకువచ్చి, దుప్పటి కొంచెం తొలగించి చూపించేది.

చూడవచ్చినవాళ్ళ సంగతి రాస్తే ఒక పుస్తకం అవుతుంది. అందరూ ముందు అడిగేది ఏ కాలని. ఎడమదని చెబితే, "పోనీలే, కుడిది గాదు," అనేవాళ్ళు. కుడికాలు పోయినవాళ్ళతో ఏమంటారో తెలియదు. ఒకామె తనవాళ్ళలో ఇట్లాగే కాలు తీసినవాళ్ళు ముగ్గురున్నారని మొదలుపెట్టి, ముగ్గురూ ఎప్పుడెప్పుడు పోయారో వరసగా చెప్పి, అరటిపండ్లు పెట్టి వెళ్ళింది. దయచేసి ఒక మాట వినండి. రోగిని చూడపోతే నోటికి పని పెట్టుకోకండి. కూర్చుని, నీళ్ళు కావాలా అని అడిగి, లేచి రండి.

లేని కాలి బొటనవేలు దురద పెట్టేది. నవ్వకండి. చెయ్యి పోనిచ్చి గోకుదామంటే అక్కడ పరుపు. ఆ దురదకు నేను ఏడ్చినంత నొప్పికి ఏడవలేదు. స్నానాలగదికి పాకి పోవాల్సి వచ్చేది. ఒకరోజు చూస్తే, గది నుంచి స్నానాలగది దాకా గోడవెంబడి నడుమెత్తున నీళ్ళ పైపు బిగించి ఉంది. మా అల్లుడు నేను నిద్రపోతున్నప్పుడు చేసిన పని. అతను నాతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు, ఆ పైపు గురించి కూడా ఏమీ అనలేదు. నేను మళ్ళీ నిలబడింది దాన్ని పట్టుకునే.

మా ఆయన పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. అంగడి సంగతులు చెప్పేవాడు. మడమ మాట ఆయన ఎత్తలేదు. నేను ఎత్తితే లేచి బస్సు టైమైందనేవాడు.

ఎండాకాలంలో కట్టుడు కాలు వచ్చింది. మొదటి రోజుల్లో రక్తం కారేది. రాధ పట్టు వదల్లేదు. ఇంట్లో నేర్చుకున్నాక, గడిదం వైపు పోయే రోడ్డు పక్క మట్టి బాటలో చేతికర్రతో నడిపించింది. అంతకుముందు నేను దారిలో ముందు పోయేదాన్ని, అడ్డం పోయేదాన్ని. అందరికన్నా నిదానంగా పోయేది నేనే అయ్యాకనే దారి అంటే ఏమిటో నాకు తెలిసింది. వెనక నుంచి చెప్పకుండా దూసుకుపోయే ప్రతి సైకిలుకూ కర్ర ఊని ఆగిపోయేదాన్ని. దూరం నుంచే గంట కొట్టి, వేగం తగ్గించి, "కుడి పక్కన వస్తాండానమ్మా," అని చెప్పి పోయేవాడికి మనసులోనే దండం పెట్టేదాన్ని. అట్లా చెప్పి పోవడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాదు. నడిచేవాళ్ళు ఎడమపక్కన ఒకరి వెనక ఒకరు పోవాలి. పక్కకు అడుగు వేసేముందు తల తిప్పి చూడాలి, గరిక కోసమైనా, దేవుడి కోసమైనా. దిగుడులో వచ్చేవాడు బ్రేకు మీద చెయ్యి ఉంచాలి. షుగర్ ఉన్నవాళ్ళు చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. ఇవి నేను ఒక కాలు ఇచ్చి నేర్చుకున్న సంగతులు.

ఒకసారి ఆ బాటలో గొర్రెల మంద ఎదురైంది. నాకు భయమేసి నిలబడిపోయాను. కాపరి మందనంతా గట్టు పక్కకు తోలి, చేతులు చాపి ఆపి నిలబడ్డాడు.

"నువ్వు పోమ్మా నిదానంగా. గొర్రెలకేమి తొందర?"

పోవడానికి చాలాసేపే పట్టింది. అతను ఈల కూడా వేయలేదు. అవతలికి పోయాక నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో నాకోసం ఎవరూ అంతసేపు ఆగలేదు.

2008 శ్రావణం, మళ్ళీ చింతామణి

మళ్ళీ ఆ కొండకింద దారిలో నడవాలని నా పట్టుదల. ఇంట్లో వరండాలో నడిస్తే చాలదా అని మా ఆయన అన్నాడు. చాలదు. కాలు పోయిన చోటుకు భయపడి ఇంట్లో కూర్చుంటే మిగిలిన కాలు కూడా వాళ్ళదే అయిపోతుందని నాకు అనిపించింది.

దారి మొదట్లో పురసభ బోర్డు ఒకటి కొత్తగా ఉంది. ఎడమ పక్కనే నడవండి, సైకిలు మీద వచ్చేవాళ్ళు గంట కొట్టండి అని కన్నడంలో పచ్చరంగు అక్షరాలు. నా కోసమే వేశారేమోనని ఒక క్షణం పొంగిపోయాను. కాదట. ఒక బెంగళూరు అబ్బాయి గొర్రెల మీద పడి మోచెయ్యి గీసుకుపోయి, పెద్దవాళ్ళెవరికో ఫిర్యాదు రాస్తే వేశారట.

బోర్డు పడినా మునియప్ప గంట కొట్టడం లేదు. మా ఇళ్ళ వాడుక అతనికి ఎప్పుడో పోయింది. ఆ దారిలో నడిచే మిగతా అంగళ్ళవాళ్ళ వాడుక మిగిలింది కదా. నోటితో పిలవకూడదు, గంట కొట్టకూడదు. అందుకని దూరం నుంచే దిగి, సైకిలు నెట్టుకుంటూ, దగ్గుతూ వస్తాడు. నిజం దగ్గు కాదు. దగ్గు పిలుపు కిందికి రాదని అతనికి అతనే తేల్చుకున్నాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు సైకిలుతో సహా గట్టెక్కి నిలబడ్డాడు, నేను పోయేదాకా.

"ఆసుపత్రిలో నిన్ను అట్లా అనింది తప్పు మునియప్పా," అన్నాను.

"కాలు పోయిన మనిషి ఏమన్నా ఏమిలేమ్మా," అన్నాడు.

కొన్నాళ్ళకు వదిన మా ఇంటికి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. ఆమెకూ షుగర్ వచ్చిందట. పాదాలు తిమ్మిర్లట. తోడు నడిచేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మానేశారట. "రేప్పొద్దున ఇద్దరం పోదామా పద్మా?" అంది. ఆ మాట అడగడానికి ఆమెకు ఎంత కష్టమైందో ముఖంలో తెలుస్తోంది. పాదాలు తిమ్మిర్లని అన్నప్పుడు నాకు సంతోషమేసింది. కాసేపటికి జాలి కూడా వేసింది. సరేనన్నాను.

మర్నాడు ఇద్దరం పోయాం. ఆమె ముందు, నేను వెనక చేతికర్రతో. మా మగవాళ్ళు ఎప్పటిలాగే ఇంకా ముందు, తాళాలతో. దిగుడు దగ్గర ఆమె కొండ పక్కకు, అదే సందులోకి జరిగి నడుస్తోంది. వెనక మునియప్ప దగ్గు వినబడింది. దాని వెనకే మరో చప్పుడు. ఒక బెంగళూరు సైకిలు మునియప్పను దాటుకుని, నా పక్కనుంచి, వేగంగా దిగుతోంది. ఆ అబ్బాయి చెవుల్లో పాటల తీగలున్నాయి. వదిన పాదాలు, నొప్పి తెలియని ఆ పాదాలు, సరిగ్గా అతని దోవలో ఉన్నాయి.

"వదినా," అని గట్టిగా అరిచాను. "వదినా, కుడి పక్కకు రా."

ఆమె ఉలిక్కిపడి పక్కకు వచ్చింది. సైకిలు ఆమె చీర అంచుకు తగిలీ తగలకుండా దూసుకుపోయింది. ఆమె సైకిలు వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"వాళ్ళింకా అంగడి తెరవను గూడా లేదే. బోణీ కాకముందు ఎనకనుంచి కేకేస్తావా? కాలు పోయినా నీకు బుద్ధి రాలేదా పద్మా?"

ఆమె అక్కడినుంచే ఇంటికి తిరిగిపోయింది. మునియప్ప నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి అతను డెయిరీకి టైమవుతుందని పోయాడు, నేను నా నడక పూర్తి చేసుకుని ఇంటికి వచ్చాను.

మధ్యాహ్నం భోజనానికి మా ఆయన వచ్చాడు. అన్నం పెట్టి అడిగాను.

"పొద్దున బోణీ ఎట్లయింది?"

"బలే అయింది. పెండ్లివాళ్ళు వచ్చి సామానంతా మన కాడే తీసుకున్న్యారు. ఇట్లాంటి బోణీ అయ్యి ఏడాదయింది. యాల అడుగుతాండావు?"

"మీరు అంగడికి పోతాంటే దావలో మీ అక్కను ఎనకనుంచి పిలిచినాను. మీరూ వినే ఉంటారు. గట్టిగా అరిచినాను."

ఆయన చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. నా కట్టుడు కాలు వైపు చూశాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన దాన్ని సూటిగా చూడడం అదే మొదటిసారి. ఏదో అంటాడని, ఆ మడమ గురించి ఒక్క మాటైనా అంటాడని నేను పప్పు గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

"బోణీ బాగా అయిందని అక్కకు చెప్పొద్దు," అన్నాడు. "బాధపడతాది."

ఆమెకు నేను చెప్పలేదు. మీకు చెబుతున్నాను.